సెనేటరు గారి తమ్ముడు

పైడిరాజుకి అబద్ధమాడటం చేతకాదని టోవా పాయోలో ఆయన్ని ఎరిగినవాళ్ళంతా చెబుతారు. ఆ మాట నిజమే. తిండి దుకాణాల హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసుకున్న, అంటే తనదని ఆపుకున్న, టేబుల్ దగ్గరికి ఎవరైనా వచ్చి "అంకుల్, ఇది మీదా?" అని అడిగితే, "నాదే, పరవాలేదు కూర్చోండి" అని కోపి గ్లాసు చేత్తో పట్టుకుని లేచిపోయే రకం ఆయన. అబద్ధానికి కాస్త చురుకుదనం కావాలి, ఎదుటివాడి మొహం చూసి మాట మార్చే తెలివి కావాలి. ఆ రెండూ దేవుడు ఆయనకు పెట్టలేదు. అలాంటి మనిషి డెబ్భై దాటాక ఒకే ఒక్క పెద్ద అబద్ధమాడాడు. కట్టుకున్న భార్యతో, ఆమె మీద ప్రేమకొద్దీ ఆడాడు. అది చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను.

ఆయన తాత భీమునిపట్నం దగ్గర్నుంచి ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చి సెంబవాంగ్‌లో తెల్లవాళ్ళ నావల్ బేస్‌లో పనికి కుదిరాడు. తండ్రీ అక్కడే పనిచేశాడు. పైడిరాజు ఆ క్వార్టర్స్‌లోనే పుట్టి, ఇంగ్లీషు బడిలో చదివి, ఆదివారాలు పెద్దల దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. పెద్ద చదువు అబ్బలేదు. ఒక సెకండరీ స్కూల్లో సైన్సు ల్యాబ్ అటెండెంటుగా చేరి, గాజు గొట్టాలు కడిగి, పిల్లలు ఒలకబోసిన యాసిడ్లు తుడిచి, అక్కడే రిటైరయ్యాడు. ఎవరి మీదా కేకలేయలేదు, ఎవరిచేతా వేయించుకోలేదు. ఇలాంటి మనిషి గురించి చెప్పుకోవడానికి ఏముంది అని మీరనొచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను.

భార్య కుమారమ్మ అదే క్వార్టర్స్ పిల్ల. ఆమె తీరే వేరు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, పంతం ఆ రెండిటికంటే పెద్దది. ఫ్లాట్‌లో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని బ్లాకులో ఉన్న తమిళులకి జాకెట్లు, మలయ్ వాళ్ళకి పండగ బట్టలు, చైనా పిల్లలకి స్కూలు యూనిఫాంలు కుట్టిపెట్టేది. బేరాలు ఎవరి భాషలో వాళ్ళతో ఆడేది, తిట్లు మాత్రం తెలుగులోనే తిట్టేది. ఆమె తండ్రి నావల్ బేస్ క్వార్టర్స్‌లో సాయంత్రాలు రామాయణం చదివి అర్థం చెప్పేవాడు. ఆయన పెట్టిన నియమాలు ఆమెకు కంఠతా వచ్చు. కాళ్ళు కడుక్కోకుండా గ్రంథం ముట్టకూడదు. ముందుకి తిప్పి చివర ఏముందో చూడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, చావు దగ్గర గ్రంథం మూయకూడదు. ఎవరైనా పోయే ఘట్టం వచ్చిందంటే ఎంత పొద్దుపోయినా సరే, ఏదో ఒక శుభం వచ్చేదాకా చదివి అప్పుడే మూయాలి. లేకపోతే విన్న ఇంటికి కీడు.

కుమారమ్మకి ఒక్కతే చెల్లెలు, సుధామణి. భర్త పోయాక పాసిర్ రిస్‌లో ఒంటరిగా ఉంటోంది. వాళ్ళ తల్లి చివరి రోజుల్లో సుధామణి దగ్గరే ఉండేది. తల్లి మంచాన పడ్డాక, తన నడుమే నిలబడని సుధామణి ఆమెను ఎత్తలేక, దించలేక, ఏడ్చుకుంటూ నర్సింగ్ హోమ్‌లో చేర్చింది. ఆమె అక్కడే కన్నుమూసింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర, నలుగురూ వింటుండగా కుమారమ్మ "అమ్మని దిక్కులేనిదాన్లాగ ఒగ్గీసినావు" అనేసింది. సుధామణి తింటున్న అరిటాకు మడిచి, చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. గుళ్ళో ఎదురుపడితే ఒకరు అమ్మవారి వైపు తిరిగితే ఇంకొకరు గోడ వైపు తిరిగేవారు. తాను అన్నది తప్పని కుమారమ్మకి తెలుసు. తెలిసినకొద్దీ ఆమెకు ఫోన్ మరీ బరువైపోయింది.

అలా ఏళ్ళు గడిచాయి. ఉన్నట్టుండి కుమారమ్మ కాళ్ళకి నీరు పట్టడం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె బాగా పెద్దదైపోయిందని, ఈ వయసులో మందులతో తోసుకురావడం తప్ప చేయగలిగింది లేదని డాక్టరమ్మ పైడిరాజునీ కొడుకు కమల్‌నీ బయటికి పిలిచి చెప్పింది. దీపావళి చూస్తుందని చెప్పలేనంది. కమల్ బుకిట్ పంజాంగ్‌లో భార్యాబిడ్డలతో ఉంటాడు, మనసు మెత్తనివాడు. తల్లిని ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టగానే ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మా, పిన్నికి ఫోన్ చేసి చెప్పీనా? షి మస్ట్ నో లా, తెలియాల కదా."

కుమారమ్మ పైడిరాజు చెయ్యి పట్టుకుని లాగి తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టు. నువ్వు గానీ ఈడు గానీ నా జబ్బు సంగతి దానికి సెప్పినారంటే నా సవం సూస్తారు. జాలిపడి రావొద్దు అది. రావాలనిపిస్తే రావాల. లేకపోతే మానాల."

ఒట్టంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకి తెలియకపోవచ్చు గానీ పైడిరాజుకి తెలుసు. నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని వేయించిన ఒట్టు తీసి గట్టున పెట్టే ధైర్యం ఆయనకు లేదు. అందులోనూ ఆ నెత్తి అసలే ప్రాణానికి వేలాడుతోంది. ఆయన తలూపాడు.

కుట్టుపని ఆగిపోయింది. కుట్టుమిషన్ కింద కాళ్ళు ఆనించుకోవడానికి ఇన్నాళ్ళూ వాడుకున్న రెండు లావుపాటి పుస్తకాలు ఖాళీగా మిగిలాయి. స్కూలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారినప్పుడు లైబ్రరీ వాళ్ళు పారేస్తుంటే, తోలు అట్ట బాగుందని పైడిరాజు ఇంటికి తెచ్చినవి అవి. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. ఒక సాయంత్రం, టీవీ చూస్తే తల తిరుగుతోందని కుమారమ్మ అంటే, ఆయన వాటి దుమ్ము దులిపి తెరిచాడు. ఓరిన్ హేల్‌స్టెడ్ అనే ఒక అమెరికా సెనేటరు నూట డెబ్భై ఏళ్ళ కిందట రాజధాని నుంచి ఇంటికి రాసుకున్న సొంత ఉత్తరాలు. పైడిరాజు ఒక వాక్యం ఇంగ్లీషులో చూసుకుని, దాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మొదటి ఉత్తరమంతా తాను అద్దెకున్న ఇంట్లో పెట్టే గొర్రెమాంసం ఎంత గట్టిగా ఉందో భార్య లిడియాకి చేసిన ఫిర్యాదు. కుమారమ్మ దగ్గుతూనే నవ్వింది.

"దేశాన్ని ఏలే మనిషి మాంసం గురించి ఏడుస్తన్నాడేటి? ఇంకోటి సదువు."

ఇక ఆ ఇంట్లో అదే పురాణ కాలక్షేపమైపోయింది. సాయంత్రం దీపం పెట్టాక పైడిరాజు కాళ్ళు కడుక్కుని కూర్చునేవాడు, ఆమె దిండ్లకి ఆనుకుని వినేది. సభలో సింహంలా గర్జించాడని పేరున్న ఆ పెద్దమనిషి ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం పంటినొప్పికి వణికాడు, చీకట్లో భయపడ్డాడు, పెద్ద కూతురి పెళ్ళికి వెళ్ళలేకపోయినందుకు కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. లిడియా ఏడాదిలో ఎక్కువ భాగం నలుగురు పిల్లల్ని, పొలాన్ని ఒక్కతే లాక్కొచ్చేది. "దేశం సంగతి తరవాత, ముందు ఆ మనిషికి పొయ్యిలోకి కట్టెలున్నాయో లేవో కనుక్కోమను" అని కుమారమ్మ ఇక్కణ్ణుంచి సెనేటరుని తిట్టేది.

ఆదివారం కమల్ పిల్లలతో వచ్చినప్పుడు మనవరాలు కీర్తిక కాసేపు విని విసుక్కునేది. "తాతా, సో స్లో లా. జస్ట్ రీడ్ ద లాస్ట్ పేజ్."

"పురాణం సివర్నుంచి సదుతారేటే, నీ మొహం!" అని కుమారమ్మ కసిరేది. పైడిరాజు కూడా ఎన్నడూ ముందుకి తిప్పలేదు. ఆమెతో పాటు ఆయనా ఒక్కొక్క ఉత్తరమే తెలుసుకుంటూ వచ్చాడు. ఆ వయసులో, ఆ జబ్బు ఇంట్లో ఉండగా, వాళ్ళిద్దరూ సంతోషంగానే ఉన్నారు. చెప్పడానికి నాకే వింతగా ఉంది గానీ అది నిజం.

మొదటి పుస్తకం చివరికి వచ్చేసరికి తమ్ముడి గొడవ మొదలైంది. సెనేటరుకి నేథన్ అని ఒక తమ్ముడు. పారిపోయిన బానిసల్ని పట్టుకుని యజమానులకి తిరిగి అప్పజెప్పాలనే చట్టానికి, దేశం రెండు ముక్కలు కాకూడదని సెనేటరు ఓటేశాడు. తమ్ముడు అది సహించలేక "మా అన్న పిరికివాడు" అని ఊరి పేపర్లో వేయించాడు. అంతటితో అన్నదమ్ములు విడిపోయారు. ఆ తర్వాత సెనేటరు ఏ ఉత్తరం రాసినా, అందులో యుద్ధం గురించి ఉన్నా ఆవు గురించి ఉన్నా, చివర ఒక ముక్క తప్పనిసరిగా ఉండేది: నేథన్ దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?

"తమ్ముడన్నదే రైటు. మనుసుల్ని పట్టిచ్చేస్తారేటి?" అని తీర్పు చెప్పింది కుమారమ్మ. కాసేపాగి, "గానీ పేపర్లో ఎయ్యకూడదు. ఇంటి మాట నలుగుర్లో అనకూడదు" అంది.

పెద్దకర్మ నాటి అరిటాకు పైడిరాజుకి కళ్ళ ముందు మెదిలింది. ఆమెకీ మెదిలే ఉంటుంది. అప్పట్నుంచి ఆమె వినే తీరు మారిపోయింది. మాంసం, పంటినొప్పి, సభలో ఉపన్యాసాలు ఏవీ పట్టించుకునేది కాదు. ఉత్తరం మొదలుపెట్టగానే "తమ్ముడి సంగతి సెప్పు" అనేది. ఏమీ రాలేదంటే ముడుచుకుపోయేది.

ఒక సాయంత్రం వచ్చిన ఉత్తరంలో సెనేటరు ఇలా రాశాడు. "లిడియా, నేథన్‌కి నేనే ముందు రాస్తాను. పెద్దవాణ్ణన్న బింకం నాకింక వద్దు. మనసులో వంద సార్లు రాసుకున్నాను. సభ ముగిశాక కాగితం మీద పెడతాను."

పైడిరాజు పుస్తకం మూయబోతుంటే కుమారమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఏటయ్యా, నా ఫోన్ ఎక్కడుంది?"

ఆయన తెచ్చిచ్చాడు. కళ్ళద్దాలు లేకుండా ఆమెకు కనబడదు. "సుధ నంబరు తియ్యి" అంది. తీసిచ్చాడు. ఆమె ఆ ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని, వెలుగు ఆరిపోతే మళ్ళీ వేలితో తాకి వెలిగించి, చెల్లెలి పేరు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత పక్కన పెట్టేసింది.

"రేపు సేత్తాను. ముందు ఆయన రాసినాడో నేదో, తమ్ముడు ఏటన్నాడో సూద్దాం. మా నాన్న ఏ పనికైనా రామాయణం తెరిచి శకునం సూసీవోడు. నాకిదే శకునం."

పైడిరాజు గుండెలో ఒక దీపం వెలిగింది. ఒట్టు తప్పకుండానే, తన చెయ్యి పడకుండానే పని జరిగిపోతోంది. మర్నాడు మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే ఆయన ఆత్రం ఆపుకోలేక మొదటిసారి నియమం తప్పాడు. రెండో పుస్తకం తీసి తరువాతి ఉత్తరం చదివాడు.

ఉత్తరం చావు కబుర్లకి వాడే నల్ల అంచు కాగితం మీద రాసి ఉందని పైన చిన్న అక్షరాల్లో వేశారు. "లిడియా, నేథన్ పోయాడు. ఏదో రేవు ఊళ్ళో, సత్రం గదిలో, జ్వరంతో, వాడి పేరు కూడా సరిగ్గా తెలియనివాళ్ళ మధ్య పోయాడు. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడ్డప్పుడు వాడికి రాస్తున్న ఉత్తరం నా బల్ల మీదే ఉంది. ప్రియమైన తమ్ముడికి అన్నంతవరకే రాశాను."

పైడిరాజు వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని తమవాళ్ళ ఇళ్ళల్లో గడప లోపల చదివేవాళ్ళు కాదు. వీధిలోనే చదివి, అక్కడే చించేసి, తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ ఉత్తరాన్ని ఇంట్లో, మంచం మీద రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి ముందు కూర్చుని చదవాలి. పోనీ, మామగారు చెప్పినట్టు చావు దగ్గర ఆపకుండా శుభం దాకా చదివేద్దామని ముందుకి తిప్పాడు. ఎంత తిప్పినా శుభం కనబడలేదు. యుద్ధం వచ్చింది. సెనేటరు ఎన్నికల్లో ఓడాడు. లిడియాకి క్షయ పట్టింది. వెతగ్గా వెతగ్గా ఎక్కడో చాలా దూరాన దొరికిన మంచి కబురు ఒక్కటే, ఆవు ఈనిందని. తమ్ముడి చావు నుంచి ఆవు ఈనడం దాకా ఒక్క బిగిన చదవాలంటే ఆయన గొంతు చాలదు, ఆమె గుండె చాలదు.

ఆయన ఆలోచించింది అంతవరకే. అసలు ఆలోచించాల్సింది ఇంకొకటి ఉందని ఆయనకు తట్టలేదు. నేను ఆయన్ని తిట్టలేను. నిప్పు కనబడితే నీళ్ళు పోసే మనిషి, ఆ నిప్పు మీద అన్నం ఉడుకుతోందని చూసుకోలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టాక పుస్తకం తెరిచి, కళ్ళు నల్ల అక్షరాల మీద ఉంచి, పైడిరాజు తన జీవితంలో మొదటి కల్పన చేశాడు. సెనేటరు ఉత్తరం మొదలుపెట్టాడట. ప్రియమైన తమ్ముడికి అని రాస్తుండగానే కింద తలుపు కొట్టిన చప్పుడైందట. బయట జోరున వాన. గుమ్మంలో నేథన్, నెత్తి నుంచి నీళ్ళు కారుతూ, టోపీ చేత్తో పట్టుకుని. ఎన్నాళ్ళకి చూశానన్నా, ఇంత అన్నం పెట్టిస్తావా అన్నాడట. ఇద్దరూ తెల్లవార్లూ ఆ గట్టి గొర్రెమాంసమే తింటూ చిన్నప్పటి సంగతులు చెప్పుకున్నారట. ఇన్ని మాటలు తన నోట్లోంచి ఎలా వస్తున్నాయో పైడిరాజుకే ఆశ్చర్యమేసింది. కాస్త గర్వం కూడా కలిగింది.

కుమారమ్మ చెంపల మీదుగా కన్నీళ్ళు ధారగా కారాయి. "వచ్చీసినాడా? వానలోనే వచ్చీసినాడా? నిజంగా అలాగే ఉందా?"

"అలాగే ఉంది" అన్నాడు పైడిరాజు.

"సూసినావా! సిన్నోడే వచ్చినాడు." ఆమె మొహం కడిగిన కంచంలా మెరిసింది. పక్కనున్న ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది లోపల పెట్టీ. నేను సెయ్యక్కర్లేదు. సిన్నోళ్ళే రావాల, అదే దరమం. సుధ కూడా వస్తాది. శకునం సెప్పీసింది కదా."

ఫోన్ పట్టుకుని పైడిరాజు నిలబడిపోయాడు. ఇప్పుడే నిజం చెప్పేస్తే? చెబితే రెండు చావులు చెప్పినట్టు, తమ్ముడిదొకటి, ఈ ఆశదొకటి. ఆమె ఎన్నాళ్ళకో ఆయాసం లేకుండా నిద్రపోయింది. రేపు చూద్దామనుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన ఆ ముడి విప్పడానికి ఎన్ని తిప్పలు పడ్డాడో. సెనేటరు చేత కొత్త ఉత్తరాలు రాయించాడు. "లిడియా, తమ్ముడు రావడం నా అదృష్టం. నేనే ముందు రాయాల్సింది. వాడు రాకపోయుంటే నా గతేం కాను? పెద్దవాళ్ళు ఎవరూ నాలా ఆలస్యం చేయకూడదు" అని వారం రోజులు సెనేటరు చేత చెప్పించాడు.

"ఆయన మంచోడు కాబట్టి అలా అంతాడు" అని కుమారమ్మ తేల్చేసింది. "అయినా తమ్ముడు వచ్చీసినాడుగా. ఇంకేటి బాధ?"

చీటికీమాటికీ తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది. కారిడార్‌లో చెప్పుల చప్పుడైతే జుట్టు సర్దుకునేది. పక్కింటి మలయ్ ఆవిడ గంజి తెచ్చి తలుపు కొడితే, ఆవిడ మొహం చూసి ఒక్క క్షణం డీలా పడి, మళ్ళీ నవ్వు తెచ్చుకుని "మాకన్ ఆయిందా?" అని తిండి సంగతి అడుగుతూ పలకరించేది. పైడిరాజు చేత మంచి దుప్పటి వేయించింది. సుధామణికి బెల్లం వేసిన కోపి ఇష్టమని బెల్లం తెప్పించి పెట్టింది.

ఒక రోజు ఆయన మందుల షాపుకని చెప్పి ట్రైనెక్కి పాసిర్ రిస్ వెళ్ళాడు. చెప్పకూడదన్నది ఒట్టు. కనబడకూడదని ఒట్టు లేదు కదా. సుధామణి ఉండే బ్లాకు కింద రాతి బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె దిగి వస్తే, తనను చూస్తే, బావా ఇక్కడున్నావేంటని అడిగితే, తన మొహమే చెప్పేస్తుందని ఆశపడ్డాడు. ముసలివాళ్ళు వచ్చి చదరంగం ఆడుకుని వెళ్ళారు. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు. ఆమె దిగలేదు. పైకెళ్ళి తలుపు తట్టడానికి ఆయన కాళ్ళు రాలేదు. తన చెయ్యి ఆ నెత్తి మీద పడిన బరువు ఇంకా తెలుస్తూనే ఉంది. తిరిగొచ్చేసరికి కుమారమ్మ "మందులేవి?" అంది. మర్చిపోయానన్నాడు. అది మాత్రం నిజం.

తర్వాత ఎంతో కాలం పట్టలేదు. నీరు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. ఇక దాచి లాభం లేదని పైడిరాజు తెగించి రెండో పుస్తకం సంచీలో వేసుకుని వెళ్ళాడు. అసలు ఉత్తరం చదివేస్తాను, చదివి ఫోన్ చేతికిస్తాను, ఏమైతే అదవుతుందనుకున్నాడు. పుస్తకం తీస్తుంటే కుమారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయాల వొద్దయ్యా. ఆళ్ళిద్దరూ కూకుని కబుర్లాడుకున్న కాడే ఉంచీ. ఇంక ముందుకెల్తే ఏటవుతాదో ఏటో."

కళ్ళు మూసుకుంది. నర్సు మందు మార్చడానికి తెర జరిపి లోపలికి వచ్చిన చప్పుడుకి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి "ఎవలొచ్చినారు?" అంది. నర్సు అని చెప్పాడు పైడిరాజు. ఆ నోటికి అప్పుడైనా ఒక అబద్ధం వచ్చి ఉంటే బాగుండేది. ఆమె సరేనన్నట్టు తల పక్కకి వాల్చింది. మళ్ళీ మాట్లాడలేదు.

తల్లి పోయాక కమల్ పిన్నికి ఫోన్ చేశాడు. సుధామణి వచ్చి, అక్క ఇంటి బ్లాకు కింద ఉంచిన శవపు పెట్టె దగ్గర కూలబడి, చెక్క మీద నుదురు ఆనించి, ఎవరు లేపినా లేవలేదు. మండాయ్ శ్మశానంలో కార్యం అయ్యేదాకా ఉంది. పదకొండో రోజూ వచ్చింది. వండింది, వడ్డించింది, ఎవరితోనూ మాట్లాడలేదు. బంధువులంతా సర్దుకుని వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం ఒక్కతే క్యారియర్‌లో పప్పూ అన్నం పట్టుకుని టోవా పాయో వచ్చింది. బావ తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"బావా, ఒక్క మాట అడుగుతాను. గుళ్ళో ఎవరో దానికి ఒంట్లో బాగోలేదన్నారు. పెద్దదైతే నువ్వు ఫోన్ చేస్తావు కదా అనుకున్నాను. అది పిలవకుండా నేనెలా వస్తాను, తిట్టి పంపించీసింది నన్ను." క్యారియర్ మూత పక్కకి జరిపింది. "ఆఖర్న నా గురించి ఏటైనా అందా?"

పైడిరాజు కంచంలోంచి చెయ్యి తీశాడు. జవాబు ఆయన నాలుక మీద సిద్ధంగా ఉంది. నీ పేరే తలుచుకుంది సుధా, తప్పు నాదే అని చెప్పమంది. సెనేటరు చేత అన్ని ఉత్తరాలు రాయించినవాడికి ఇదో లెక్కా? కానీ ఒక్క అబద్ధానికి ఇల్లంతా కూలిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఇంకోటి ఆడనని, చచ్చినా ఆడనని, ఆ పెట్టె ముందు నిలబడి తనకు తానే ప్రమాణం చేసుకున్నాడు. అందుకని మొత్తం చెప్పాడు. ఒట్టు సంగతి, పుస్తకం సంగతి, తమ్ముడు నిజంగా ఏమయ్యాడో, తాను ఏమని చదివాడో, ఆమె తలుపు వైపు ఎలా చూసేదో, చివరికి ఎవరొచ్చారని అడగడం, అన్నీ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. దాచుకున్నదంతా దిగిపోయి గుండె తేలికపడింది. మొహం తుడుచుకుని తలెత్తి చూశాడు.

సుధామణి ఆయన్నే చూస్తూ అడిగింది. "ఫోన్ చేతిలోకి తీసుకుందా?"

"తీసుకుంది."

"నా నంబరేనా?"

"నీదే. నేనే తీసిచ్చాను."

ఆమె తన అరచేతుల్లోకి చూసుకుంది. "అది నా మీద పగతోనే పోయిందనుకున్నాను బావా. దాని బుద్ధే అంత, మొండిది అని తిట్టుకుని, ఏడ్చి, అన్నం తింటన్నాను. అలాగైతే బతికీగలను." లేచి ఖాళీ అయిన క్యారియర్ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టింది. మూత సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి పెట్టింది. "నా కోసం సూసుకుంటా పోయిందని ఎందుకు సెప్పినావు? దానికోసం అంత పెద్ద కథ కట్టినావు. నాకోసం ఒక్క ముక్క కట్టలేకపోయావా?"

పైడిరాజు ఎంగిలి చెయ్యి ఆరిపోతుండగా అలాగే కూర్చుండిపోయాడు. సుధామణి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.